బిడ్డ నర్సు కొలువుకు పోతాంది. మళ్లీ కరోనా అసొంటిది వస్తే ఆసుపత్రిల పనిచేసేటోళ్లకు ఎంత ముప్పు?

పరకాల_బాపు
8 జనవరి 2025, రాత్రి 9:12

అందరికి నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె, పత్తి ఎవుసం. నా బిడ్డ బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది. మొన్న నవంబరుల నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష రాసింది, మంచిగనే రాసిన అంటాంది. గిదే టైముల టీవీల బెంగళూరుల హెచ్ఎంపీవీ అనే వైరస్ దొరికిందని రెండు రోజుల సంది ఒకటే మోత. మా ఇంటామెకు నిద్ర లేదు. "2020ల కండ్లార చూసినం, తెలిసి తెలిసి పిల్లను అండ్లకు తోల్తమా" అంటది. కొలువు వద్దనుడు నాతోని కాదు, పిల్ల నాలుగేండ్లు చదివింది.

నాకు ధైర్యం చెప్పకుండ్రి, భయపెట్టకుండ్రి. లోపల పనిచేసినోళ్లు ఎవలన్న ఉంటే ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. ఎవలకు సోకింది, ఎట్ల సోకింది?

మత్తు_డాక్టర్ (కరీంనగర్)
8 జనవరి, రాత్రి 9:50

ముందు ఆ టీవీ కట్టేయండి బాపు గారూ. హెచ్ఎంపీవీ కొత్త వైరస్ కాదు, 2001లోనే నెదర్లాండ్స్‌లో గుర్తించారు. అయిదేళ్లు నిండేలోపు దాదాపు పిల్లలందరికీ ఒకసారి వచ్చిపోయే జలుబు అది. మీ అమ్మాయికి కూడా చిన్నప్పుడే వచ్చి ఉంటుంది.

అయినా మీ అసలు ప్రశ్న మంచిది. 2003లో సార్స్ (కరోనా జాతి వైరస్‌తో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) వచ్చినప్పుడు ప్రపంచం మొత్తం మీద 8,096 కేసులైతే అందులో 1,706 మంది వైద్య సిబ్బందే. అంటే అయిదుగురిలో ఒకరు. ఆ జబ్బు కొత్తదని ముందుగా గుర్తించి హెచ్చరించిన డాక్టర్ కార్లో ఉర్బానీ కూడా దానికే పోయాడు. ఊపిరితో వ్యాపించే జబ్బు ఏది కొత్తగా వచ్చినా మొదటి దెబ్బ ఆసుపత్రి మీదే పడుతుంది, దాన్ని దాచి లాభం లేదు.

కషాయం_కాకా
8 జనవరి, రాత్రి 10:05

మిరియాలు, శొంఠి, తులసి, పసుపు. పొద్దున లేవంగనే. నాకు ఇప్పటిదాంక రాలే.

108_స్టీరింగ్
8 జనవరి, రాత్రి 10:11

కాకా, నువ్వు ఇంట్ల నుంచి బయటికి వెళ్తే గద రాను.

క్యాజువాల్టీ_సిస్టర్ (హన్మకొండ)
8 జనవరి, రాత్రి 11:36

ఇప్పుడే డ్యూటీ దిగిన. బాపూ, నాది 14 ఏండ్ల సర్వీసు. ఏ ఆసుపత్రో చెప్పను, అవసరం లేదు.

2020ల కొవిడ్ వార్డుల చేసిన. ఆ పీపీఈ కిట్టు వేసుకుంటే ఆరు గంటలు నీళ్లు లేవు, బాత్రూం లేదు. మే నెల ఎండ మీకు తెలుసు కదా. విప్పితే లోపల బట్టలు పిండుకునేటట్టు ఉండేవి. కండ్లద్దాలకు ఆవిరి పట్టి సూది ఎక్కడ దిగుతందో కనపడకపోయేది, నరం చేతితోని తడిమి పట్టుకునేదాన్ని. అంత చేసినా ఆ వార్డుల ఉన్న నాలుగు నెలలు నాకేం కాలే.

ఆగస్టుల పట్టింది. ఎక్కడ? రాఖీ పున్నం నాడు, మా డ్యూటీ రూముల. మాతోని పనిచేసే ఒక చెల్లె వార్డు బాయ్‌లందరికి రాఖీలు కట్టింది, కలాకంద్ తెచ్చింది. పదడుగుల రూము, ఏసీ పోతదని తలుపు మూసినం, మాస్కులు గదువ కిందికి పెట్టుకొని తిన్నం, ఇరవై నిమిషాలు నవ్వుకున్నం. అయిదో రోజుకు ఆరుగురిల నలుగురికి జ్వరం. పేషెంటు కాడ వణుక్కుంట నిలబడ్డోళ్లం, మనోళ్లు అనేసరికి ఆ భయం పోయింది. అందరిల మాస్కు తియ్యనోడు ఒక్కడే వార్డు బాయ్, ఉపాసం ఉన్నడు. వానికి రాలే!

ఇంకోటి, కిట్టు విప్పుడు. వేసుకునేటప్పుడు పక్కన ఒకరు చూస్తరు, విప్పేటప్పుడు అలిసిపోయి ఒక్కరమే ఉంటం. ముందుగల గ్లౌజులు, తర్వాత గౌను, చేతులు కడుక్కొని అద్దాలు, మళ్ల కడుక్కొని అన్నింటికన్నా ఆఖరుకు ఎన్95, అది గూడ బయటికొచ్చినంక, తాళ్లు పట్టుకొని. ముందల చెయ్యి పెట్టొద్దు. చెమటకు నుదురు దురద పెడతది, గక్కడనే తప్పు జరుగుతది.

లెక్కల_పంతులు (జగిత్యాల)
9 జనవరి, ఉదయం 6:20

సిస్టర్ గారి అనుభవం ఒకరిది. అంకెలు చూద్దాం. బ్రిటన్, అమెరికాల్లో 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఫోన్ యాప్ ద్వారా 20 లక్షల మంది సామాన్యులను, దాదాపు లక్ష మంది వైద్య సిబ్బందిని పరిశీలించారు. లాన్సెట్ అనే వైద్య పత్రికల్లో ఒకదానిలో వచ్చింది. పరీక్షలు సిబ్బందికే ఎక్కువ చేశారన్న తేడాను సర్దుబాటు చేశాక కూడా వాళ్లకు పాజిటివ్ వచ్చే అవకాశం 3.4 రెట్లు. ఇక మన దగ్గర 2021 జూన్, జూలైలో ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) చేసిన నాలుగో సీరో సర్వేలో, అంటే రక్త పరీక్షల సర్వేలో, సిబ్బందిలో 85.2 శాతం మందికి యాంటీబాడీలు (వైరస్‌తో పోరాడటానికి ఒంట్లో తయారయ్యేవి) దొరికాయి, జనంలో 67.6 శాతం. ఆ సర్వేకు తెలంగాణ నుంచి తీసుకున్న మూడు జిల్లాల్లో మన జనగామ, కామారెడ్డి ఉన్నాయి. అంటే నూటికి 85 మంది నర్సులకు, డాక్టర్లకు సోకినట్టే. బాపు గారు ఇది గమనించాలి.

మత్తు_డాక్టర్ (కరీంనగర్)
9 జనవరి, ఉదయం 7:45

పంతులు గారూ, ఆ 85 అంకెను అలా చదవకూడదు. 2021 జనవరి 16న టీకా మొదలైంది, మొదటి వరుస మాదే. జూలై నాటికి మా వాళ్లలో ఎక్కువమంది రెండు డోసులూ వేసుకున్నారు. ఆ యాంటీబాడీల్లో టీకా వల్ల వచ్చినవే చాలా ఉంటాయి.

మీకు కావలసింది దాని ముందు సర్వే, 2020 డిసెంబరు నుంచి 2021 జనవరి మొదటి వారం దాకా చేసినది. టీకా ఇంకా రాలేదు. అప్పుడు జనంలో 21 శాతం పైచిలుకు, సిబ్బందిలో 25 శాతం పైచిలుకు. తేడా ఉంది, కానీ మూడు రెట్లు కాదు. ఇంకా చిత్రమేమిటంటే డాక్టర్లు, నర్సులకూ, బల్ల ముందు కూర్చుని ఫైళ్లు చూసే ఆఫీసు సిబ్బందికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

లెక్కల_పంతులు (జగిత్యాల)
9 జనవరి, ఉదయం 8:02

ఒప్పుకుంటున్నాను, టీకా సంగతి మరిచాను. కానీ యాప్ లెక్కలో 3.4 రెట్లు, మీ లెక్కలో (21కి 25) 1.2 రెట్లు, రెండూ నిజమెలా అవుతాయి?

మత్తు_డాక్టర్ (కరీంనగర్)
9 జనవరి, మధ్యాహ్నం 1:30

కాలం వేరు. మొదటి రెండు నెలల్లో జనం ఇళ్లలో ఉన్నారు, మేం మాత్రం బయట ఉన్నాం, అందుకే అంత తేడా. డిసెంబరు నాటికి బస్సులు, పెళ్లిళ్లు, బతుకమ్మ అన్నీ అయిపోయాయి, జనం మా స్థాయికి వచ్చేశారు.

మీ అంకెల పిచ్చికి ఇంకొకటి ఇస్తాను. బర్మింగ్‌హామ్‌లో 2020 ఏప్రిల్ చివర ఒక పెద్ద ఆసుపత్రుల సమూహంలో అయిదొందల పైచిలుకు సిబ్బంది రక్తం పరీక్షించారు. ఐసీయూలో పనిచేసే వాళ్లలో 14.8 శాతం మందికి సోకి ఉంది. మామూలు మెడికల్ వార్డుల్లో 30 దాటింది. అన్నింటికన్నా పైన ఎవరున్నారో చెప్పండి చూద్దాం.

ఎనుమాముల_పోరడు
9 జనవరి, మధ్యాహ్నం 2:10

ఊడ్చేటోళ్లు.

మత్తు_డాక్టర్ (కరీంనగర్)
9 జనవరి, మధ్యాహ్నం 2:14

అవును. 34.5 శాతం. ఎలా తెలిసింది తమ్ముడూ?

ఎనుమాముల_పోరడు
9 జనవరి, మధ్యాహ్నం 3:25

మా అమ్మ అదే పని సార్. ఏజెన్సీ కింద. ఆసుపత్రి పేరు చెప్తే మోడరేటర్ అన్న తీసేస్తడు, అందుకే చెప్త లేను.

డాక్టర్లు రౌండ్ల కాడ అయిదు నిమిషాలు ఉంటరు. సిస్టర్లు ఇంకింత సేపు. మా అమ్మ ఆ గదిలనే బకెట్, మాపు పట్టుకొని ఎనిమిది గంటలు. బెడ్ కింద, బాత్రూం, ఉమ్మిన డబ్బాలు. మొదటి రెండు నెలలు ఆమెకిచ్చింది రెండు జతల గ్లౌజులు, ఒక బట్ట మాస్కు. ఎన్95 "క్లినికల్ స్టాఫ్"కే అన్నరు. ఆ మాటకు అర్థం ఏందని అమ్మ నన్ను అడిగింది. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు. ఏం చెప్తం.

జూలైల అమ్మకు వచ్చింది, తర్వాత నాకు, తర్వాత మా తాతకు. మా తాత దక్కలే. అమ్మ ఇప్పటికీ తనే తెచ్చిన అనుకుంటది.

ప్రభుత్వం 50 లక్షల ఇన్సూరెన్స్ అన్నది పనిచేస్తూ పోయినోళ్లకు. ఇంట్లోళ్లకు కాదు. అది అట్లనే ఉంటది, నాకు తెలుసు, అడుగుతలేను. చెప్తున్న అంతే.

క్యాజువాల్టీ_సిస్టర్ (హన్మకొండ)
9 జనవరి, రాత్రి 8:50

తమ్మీ, ఏం రాయాలో తెలుస్తలేదు. ఆ బకెట్ పట్టుకున్న అక్కలను మేం గూడ "ఏ, ఇటు రా" అనే పిలిచినం. పేరు తెలవని రోజులున్నయి.

లెక్కల_పంతులు (జగిత్యాల)
9 జనవరి, రాత్రి 9:30

తమ్ముడి మాట చదివాక మనసు మెత్తబడింది. ఇంట్లోవాళ్ల సంగతి ఎవరైనా లెక్కించారా అని వెతికాను. స్కాట్లాండ్‌లో చేశారు. 2020 మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన పనిచేసే వయసు వాళ్లలో 17 శాతం మంది వైద్య సిబ్బంది లేదా వాళ్ల ఇంట్లోవాళ్లు. రోగుల దగ్గర నేరుగా పనిచేసే వాళ్లు చేరే అవకాశం అలా పనిచేయని సిబ్బంది కంటే 3.3 రెట్లు. వాళ్ల ఇంట్లోవాళ్లకు 1.8 రెట్లు. కానీ బాపు గారూ, ఇదీ చూడండి: మొత్తం మీద ఆసుపత్రిలో చేరిన సిబ్బంది 200 మందిలో ఒకరి కంటే తక్కువ. "ఎన్ని రెట్లు" అని మాత్రమే వింటే భయం వేస్తుంది, "ఎంతమందిలో" అని కూడా అడగాలి. పిల్లలకు రోజూ చెప్పే పాఠమే, నేనే మరిచాను.

కషాయం_కాకా
9 జనవరి, రాత్రి 9:44

గప్పుడు డాక్టర్లే హెచ్‌సీక్యూ (మలేరియాకు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్) గోలీలు మింగిన్రు కద. మా కషాయాన్నే నవ్వుతరు.

మత్తు_డాక్టర్ (కరీంనగర్)
9 జనవరి, రాత్రి 10:20

కాకా, ఈసారి మీరు గెలిచారు. నేనూ మింగాను. 2020 మార్చిలో ఐసీఎంఆర్ చెప్పింది, మొదటి రోజు 400 మిల్లీగ్రాములు రెండుసార్లు, తర్వాత వారానికొకటి ఏడు వారాలు. తర్వాత సరైన ట్రయల్స్ వచ్చాయి, జబ్బు రాకుండా అది ఆపదని తేలింది. 2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దని గట్టిగా చెప్పింది. గోలీ వేసుకున్నాననే ధీమాతో మాస్కు వదులు చేసినవాళ్లను చూశాను. మీ కషాయంతో కూడా అదే భయం.

ఒక మాట సిస్టర్‌తో విభేదిస్తాను. డ్యూటీ రూము ప్రమాదమే, కానీ పీపీఈ ఉంటే వార్డులో ఏమీ కాదన్నట్టు అమ్మాయి అర్థం చేసుకోకూడదు. పంతులు గారు చెప్పిన ఆ యాప్ అధ్యయనంలోనే, పీపీఈ సరిపడా ఉందన్న వాళ్లలో కూడా కొవిడ్ రోగుల దగ్గర పనిచేసిన వాళ్లకు ముప్పు ఎక్కువే ఉంది. వాడిందే మళ్లీ వాడినవాళ్లకు, చాలనివాళ్లకు ఇంకా ఎక్కువ. గొంతులో గొట్టం వేసేటప్పుడు రోగి ముఖానికి జానెడు దూరంలో ఉండేది నేనే. ఆ క్షణం నాకింకా కలలోకి వస్తుంది. తర్వాత కొలిచి చూస్తే గొట్టం వేయడం కంటే రోగి గట్టిగా దగ్గినప్పుడే తుంపర ఎక్కువ వస్తుందని కొన్ని పరిశోధనలు చెప్పాయి. అంటే ఓపీలో "ఒట్టి దగ్గే మేడం" అంటూ ఎదురుగా కూర్చునే మనిషి దగ్గర కూడా అంతే జాగ్రత్త కావాలి.

ఏసీ_మెకానిక్_కాజీపేట
9 జనవరి, రాత్రి 11:15

అందరు మాస్కు, కిట్టు అంటున్నరు. గాలి గురించి ఎవలు మాట్లాడరా? నేను ఆసుపత్రులల్ల ఏసీ పనులు చేస్త, అందుకే చెప్తున్న.

గోడకు పెట్టే స్ప్లిట్ ఏసీ బయట గాలి తేదు. ఉన్న గాలినే సల్లగ చేసి మళ్ల మీ మొఖాన కొడతది. సిస్టర్ చెప్పిన రాఖీ రూముల జరిగింది అదే. ఒకడు వదిలిన ఊపిరే ఆరుగురు పీల్చిన్రు.

లెక్క ఇట్ల ఉంటది. గంటకు రెండుసార్లు గాలి మారే గదిల, వైరస్ వదిలే మనిషి బయటికి పోయినంక గూడ, గాలిల ఉన్నది 99 శాతం పోవాలంటే రెండు గంటల పైన పడతది. ఆరుసార్లు మారితే 46 నిమిషాలు. పన్నెండుసార్లు అయితే 23 నిమిషాలు. గొట్టాలు వేసే గదులకు పన్నెండు ఉండాలనేది అందుకే. మన పాత వార్డులు ఎత్తు కప్పు, ఎదురెదురుగ పెద్ద కిటికీలు. అవి తెరిస్తే పైసా ఖర్చు లేకుండ గాలి దంచి కొడతది. దోమలని, సలి అని, మూసి తాళమేస్తరు.

మీటర్లు ఏం అక్కర లేదు బాపూ. మీ బిడ్డకు ఒక అగర్‌బత్తి ఇయ్యుండ్రి. పేషెంట్లు, ఆక్సిజన్ లేనప్పుడు వార్డుల ముట్టించి పట్టుకుంటే పొగ ఎటు పోతందో చూడుమనుండ్రి. పేషెంటు బెడ్ దిక్కుకెల్లి మనం కూసునే దిక్కు వస్తందంటే కుర్చీ జరుపుకోవాలె. పొగ గక్కడనే తిరుగుతందంటే ఆ గదిల బువ్వ తినొద్దు.

ఇగ వరంగల్‌ల సెంట్రల్ జైలు పడగొట్టిన కాడ 24 అంతస్తుల దవాఖాన కడుతున్నరు కద. నాకు ఆశ ఉంది, అనుమానం గూడ ఉంది. అంత ఎత్తుల కిటికీలు తెరవరు, గాలంతా మిషన్ల మీదనే. ఆ మిషన్ల ఫిల్టర్లు టైముకు మార్చేటోడు ఉంటే అది పాత వార్డు కంటే నయం. లేకుంటే పెద్ద రాఖీ రూమే.

108_స్టీరింగ్
10 జనవరి, ఉదయం 5:50

మెకానిక్ అన్న చెప్పింది మా బండికి గూడ. నేను 108 అంబులెన్స్ పైలట్‌ను, అంటే డ్రైవర్‌ను, ఏటూరునాగారం దిక్కు. అక్కడికెల్లి వరంగల్ తేవాలంటే రెండు గంటల పైనే. వెనుక ఈఎంటీ (బండిల పేషెంటును చూసుకునే టెక్నీషియన్), పేషెంటు, ఆక్సిజన్. ముందు నేను. మధ్యల అద్దం ఉంటది, సగం బండ్లల్ల అది మూసుకోదు. మొదట్ల ఏసీ పెట్టినం, అదీ లోపలి గాలే తిప్పే బటన్ మీద. తర్వాత ఒక సీనియర్ చెప్పిండు, బయటి గాలి బటన్ మీద పెట్టి కిటికీ రెండు వేళ్లంత దించుమని. అప్పటికెల్లి జూన్ ఎండల గూడ అట్లనే నడిపిన. నేను తప్పించుకున్న, నా ఈఎంటీకి రెండుసార్లు వచ్చింది. ఆయన వెనుక కూసున్నడు, అంతే తేడా.

ములుగు_ఆశక్క
10 జనవరి, ఉదయం 10:40

మీరంతా దవాఖానల సంగతే చెప్పవడితిరి. మేం దవాఖానకు వచ్చేటోళ్లం కాదు, ఇంటింటికి పోయేటోళ్లం. మాకు సోకితే అది "ఊర్ల సోకింది" అని రాసుకున్నరు, పనిల సోకిందని రాయలే. గుడ్డ మాస్కు, జ్వరం చూసే మిషన్, రిజిస్టరు. తలుపు తియ్యనోళ్లు కొందరు, తీసి తిట్టినోళ్లు కొందరు. మా ఇంటోనర్ అయితే బట్టలు ఆరేసుకునే తీగ వేరే కట్టుకోమన్నడు, నెల తిరగకముందే ఇల్లే ఖాళీ చెయ్యమన్నడు. సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే జైలని 2020 ఏప్రిల్‌ల ఆర్డినెన్స్ తెచ్చిన్రు, మంచిదే. ఉండేకాడ సతాయించుడు గూడ అండ్ల నేరమే అని రాసిన్రు, గాని ఇల్లు ఖాళీ చెయ్యమంటే మేం ఎవలకు చెప్పుకోవాలె.

50 లక్షల ఇన్సూరెన్స్ స్కీము ఉన్నప్పుడు అండ్ల ఆశ వర్కర్లు గూడ ఉండిరి, ఆ ముచ్చట చానమందికి తెలవదు. కాంట్రాక్టోళ్లు, ఔట్‌సోర్సింగోళ్లు గూడ ఉండిరి. కానీ కొవిడ్ డ్యూటీల ఉన్నట్టు కాయిదం కావాలనిరి. మా డ్యూటీకి కాయిదమెక్కడిది, ఫోన్ల "పో" అంటే పోయినం. బాపూ, నీ బిడ్డకు ఇది చెప్పు: ఏ రోజు ఏ వార్డుల ఉన్నదో డైరీల రాసుకోవాలె, డ్యూటీ రోస్టరు ఫోటో తీసి పెట్టుకోవాలె. మాస్కు లెక్కనే అది గూడ.

2022 ఫిబ్రవరిల మేడారం జాతరకు మళ్ల మాకే డ్యూటీ. అప్పటికి టీకాలు పడ్డయి, జనవరిల మూడోది గూడ వేసిన్రు. సమ్మక్క తల్లి గద్దె కాడ లక్షల మంది నడుమ నిలబడ్డ. భయం 2020ల పడ్డంత లేదు.

మోడరేటర్
10 జనవరి, ఉదయం 11:05

ఆసుపత్రుల పేర్లు రాసిన రెండు వ్యాఖ్యలు తొలగించాం. ఎవరి మీదైనా ఫిర్యాదు ఉంటే సంబంధిత అధికారులకు ఇవ్వండి. చర్చ బాగా సాగుతోంది, కొనసాగించండి.

పరకాల_బాపు
10 జనవరి, రాత్రి 8:15

అన్నీ చదివిన. మా ఇంటామెకు చదివి వినిపించిన, నడుమ రెండుసార్లు లేచిపోయింది, మళ్లొచ్చి కూసున్నది. ఆ ఎనుమాముల పిల్లగాని ముచ్చట కాడ కొంగు అడ్డం పెట్టుకున్నది. కొలువు వద్దనే మాట ఇయ్యాల అనలే. రేపు అంటదేమో.

బిడ్డ ఒకటి అడుగుతాంది, రాస్తున్న: "మా కాలేజీల ఎన్95 అందరికి ఒకటే సైజు ఇచ్చిన్రు. నా మొఖం చిన్నది, బుగ్గల కాడ సందు ఉంటది. ఏం చెయ్యాలె?"

క్యాజువాల్టీ_సిస్టర్ (హన్మకొండ)
10 జనవరి, రాత్రి 9:40

మంచి ప్రశ్న అడిగినవ్ చెల్లె. సందు ఉంటే అది ఎన్95 కాదు, ఒట్టి గుడ్డ. బట్ట ఎంత మంచిదైనా గాలి సందుల నుంచే పోతది. పెట్టుకున్నంక ముక్కు మీద ఇనుప పట్టీని రెండు చేతుల వేళ్లతోని వొత్తు, ఒక్క చేతితోని గిచ్చకు. రెండు అరచేతులతోని మాస్కును కప్పి గట్టిగ ఊపిరి వదులు. కండ్లల్లకు గాలి కొట్టిందంటే ముక్కు కాడ సందు, చెవుల దిక్కు కొట్టిందంటే బుగ్గల కాడ. లోపలికి పీలిస్తే మాస్కు మొఖానికి అతుక్కోవాలె. వేసుకున్న ప్రతిసారి చూసుకోవాలె. చెవులకు తగిలించేదాని కంటే తల వెనుకకెల్లి రెండు తాళ్లుండేది చిన్న మొఖానికి మంచిగ పడతది. ముందల ప్లాస్టిక్ కవాటం ఉన్నది కొనకు, నీ ఊపిరి అవతలోళ్ల మీద పోతది.

అసలైన ఫిట్ టెస్ట్ వేరే ఉంటది, తల మీద సంచి కప్పి చేదు మందు కొడతరు, నాలుకకు చేదు తగిలితే ఆ మాస్కు నీది కాదు. జాయిన్ అయినంక ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు ఎవరని అడుగు, ఆమెను ఇదడుగు. కొత్తపిల్ల అప్పుడే ప్రశ్నలు మొదలుపెట్టిందంటరు. నన్ను గూడ అన్నరు.

మా దగ్గర ఇప్పుడు మూడు నెలలకోసారి విప్పుడు, వేసుకునుడు నేర్పిస్తున్నం.

ఎనుమాముల_పోరడు
10 జనవరి, రాత్రి 10:02

అక్కా, దానికి ఊడ్చేటోళ్లను గూడ పిలుస్తరా?

క్యాజువాల్టీ_సిస్టర్ (హన్మకొండ)
10 జనవరి, రాత్రి 10:09

పోయినేడు నుంచి పిలుస్తున్నం తమ్మీ. కుర్చీలు చాలవు, వెనుక గోడకు నిలబడి వింటరు.